సిమ్యులేటర్ మంచిదే, లాక్ వైర్ మాత్రం నేర్పదు

గన్నవరం ఎయిర్‌పోర్టులో లైన్ మెయింటెనెన్స్, అంటే వచ్చిపోయే విమానాల చెకింగు, రిపేర్లు చేస్తున్నాను. ట్రైనింగ్‌లో ఏ320 మెయింటెనెన్స్ సిమ్యులేటర్ ముందు నెలల తరబడి కూర్చున్నాను, రిఫ్రెషర్ అంటే ఇప్పటికీ అదే. పైలట్లు ఎక్కే ఊగే సిమ్యులేటర్ కాదిది. కాక్‌పిట్ ప్యానెళ్లన్నీ టచ్‌స్క్రీన్ల మీద కనిపిస్తాయి, అంతే.

ఫాల్ట్ వెతకడం నేర్చుకోవాలంటే దీన్ని మించింది లేదు. ఇన్‌స్ట్రక్టర్ ఒక జనరేటర్ ఫెయిల్ చేస్తాడు, ఈక్యామ్ (కాక్‌పిట్‌లో ఫాల్టులు చూపించే స్క్రీన్) మీద మెసేజ్ వస్తుంది, మనం ట్రబుల్‌షూటింగ్ మాన్యువల్ పట్టుకుని మూలం దాకా వెళ్లాలి. తప్పు పార్టు మార్చినా రూపాయి పోదు. హాట్ స్టార్ట్, అంటే స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ మితిమీరి వేడెక్కడం, దాని సంగతీ అంతే. సీఎఫ్‌ఎం56-5బీ ఇంజిన్ స్టార్ట్‌లో ఈజీటీ (ఇంజిన్ నుంచి బయటికొచ్చే వాయువుల వేడి) 725 డిగ్రీలు దాటకూడదు. అది దాటబోతుంటే ఏం చెయ్యాలో నేర్పడానికి నిజం ఇంజిన్‌ని ఎవరిస్తారు?

ఇక చేతిపని. బోల్టులు వదులు కాకుండా కట్టే లాక్ వైర్ వెయ్యడం స్క్రీన్ మీద రెండు క్లిక్కులు. నిజానికి 0.032 అంగుళాల వైరుని అంగుళానికి 6 నుంచి 8 మెలికలు వచ్చేలా తిప్పాలి, బోల్టు బిగుసుకునే వైపే లాగి ఉండాలి. అదీ చెయ్యి సగమే దూరే సందులో, అద్దం పెట్టి చూసుకుంటూ. ఒక్క మెలిక ఎక్కువైతే పుటుక్కున తెగుతుంది, మళ్లీ మొదటికి. రోహిణి కార్తెలో, విమానాలు ఆగే ఏప్రన్ మీద ఈ పని చేస్తూ చెమట కళ్లలో పడితే సిమ్యులేటర్లో ఏసీ గుర్తొస్తుంది లెండి. స్కైడ్రాల్ (విమానం హైడ్రాలిక్ ఆయిల్) ఒంటి మీద పడితే మంటెలా ఉంటుందో కూడా ఏ స్క్రీనూ చెప్పదు.

కొత్తగా వస్తున్న పిల్లలు ఈక్యామ్ మెసేజ్‌లు గడగడా చదివేస్తారు. నట్టు ఇస్తే మాత్రం చేత్తో నాలుగు చుట్లు తిప్పకుండా నేరుగా స్పానర్ వేసేస్తారు. త్రెడ్ అడ్డంగా ఎక్కితే ఇక చూడండి టెన్షన్. ఆటోనగర్‌లో ఏడాది పనిచేసిన కుర్రాడికి ఆ తేడా వేళ్లకే తెలుస్తుంది.

నా లెక్కలో సిమ్యులేటర్‌కి ఐదుకి నాలుగు, కానీ అది కోర్సు చివరి ఏడాదిలో. మొదట్లో ముట్టుకోకపోయినా నష్టం లేదు. కొన్ని కాలేజీలు దాన్ని బ్రోచర్లో చూపించి వర్క్‌షాప్ గంటలు కోసేస్తున్నాయి, నాకు ఒళ్లు మండేది అక్కడే. గుంటూరు నుంచి మా పిన్ని కొడుకు ఈ కోర్సులో చేరతానంటే, ఆ కాలేజీకి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే సీఏఆర్-147 ట్రైనింగ్ గుర్తింపు ఉందో లేదో చూసుకోమన్నాను. తర్వాత వర్క్‌షాప్‌లోకి వెళ్లి, ఒక్కో ఇంజిన్ దగ్గర ఎంతమంది నిలబడుతున్నారో, వాళ్లలో ఎంతమంది చేతులకి గ్రీజు ఉందో చూసి రమ్మన్నాను.