చెక్క అక్షరాల బోర్డు: మూడేళ్ల పిల్లలకి సరే, ఒకటో తరగతికి దండగ

ఒకటో తరగతి లోపు పిల్లలకి తెలుగు చదవడం వచ్చేస్తుందని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారే, ఆ చెక్క బోర్డు గురించి. 56 అక్షరాలు, ఒక్కోదానికి ఒక్కో గుంట, ముక్క తీస్తే కింద బొమ్మ. ధర ₹549. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే కొనేముందు నాలుగైదు రకాలు చూశాను, రంగుల్లో తేడా తప్ప అన్నీ ఒకటే. మీరు ఏది కొన్నా దాదాపు ఇదే వస్తుంది.

చెక్క గట్టిది, అంచులు నున్నగా ఉన్నాయి, రంగు ఊడలేదు. బాగున్నవి ఇంతే.

మేముండేది హైదరాబాద్‌లో. మా చిన్నది ఇంగ్లీష్ మీడియం ఒకటో తరగతి. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక ఏ మీడియం అయినా తెలుగు తప్పనిసరి, దాంతో ఇంట్లో ఎ బి సి డి లు మాత్రమే నేర్పుకున్న అమ్మానాన్నలందరికీ టెన్షన్ మొదలైంది. ఇలాంటి బోర్డులకి గిరాకీ కూడా అందుకేనని నా అనుమానం. బోర్డు రాగానే పిల్ల ముక్కలన్నీ టకటకా పెట్టేసింది, మా ఆయన మురిసిపోయి వీడియో కూడా తీశారు. కానీ అది పెడుతున్నది అక్షరం చూసి కాదు, గుంట ఆకారం చూసి. బోర్డు పక్కన పెట్టి, ముక్కలు నేల మీద పోసి, "మ ఏదమ్మా" అంటే య ఇచ్చింది. ర అడిగితే ఠ. ద, ధ, థ దగ్గరికి వచ్చేసరికి ఏది చేతికొస్తే అది. తప్పు పిల్లది కాదు. గుంటే జవాబు చెప్పేస్తుంటే లోపల చుక్క ఉందా, కింద గీత ఉందా అని చూడాల్సిన అవసరం దానికేముంది?

సరే, అక్షరాలు పోల్చుకోవడం ఎలాగో వచ్చిందనుకోండి. తర్వాత? మాట కూర్చాలి కదా. పిల్లలకి అన్నిటికంటే ముందు తెలిసిన మాటలు అమ్మ, నాన్న, అక్క, అన్న, తాత, అత్త, మామ. వీటిలో ఒక్కటంటే ఒక్కటి ఈ 56 ముక్కలతో కూర్చలేం! గుణింతం గుర్తులు లేవు, వత్తులు లేవు, ఒక్కో అక్షరం ఒక్కటే ఇచ్చారు. తల, వల, జడ, పలక, పనస లాంటివి వస్తాయి, అక్కడితో ఆట అయిపోతుంది. పిల్ల తన పేరు పెడతానని గంటసేపు వెతుక్కుని ఏడుపు మొహం పెట్టింది, దాని పేరులో ఒక దీర్ఘం, ఒక వత్తు ఉన్నాయి. మా అత్తయ్య అంతా చూసి, "ఏమ్మా, గుణింతాలు విడిగా కొనాలా, లేక వాళ్లు మర్చిపోయారా" అన్నారు. ఆవిడ రిటైరైన టీచర్, ఊరికే అనరు. అన్నట్టు, ఏ పిల్లాడికీ అక్కర్లేని ఌ, ౡ మాత్రం భద్రంగా ఇచ్చారు.

ఇంగ్లీష్ బోర్డు చూసి తెలుగు బోర్డు చేస్తే ఇలాగే ఉంటుంది. అక్కడ 26 అక్షరాలు పక్కపక్కన పెడితే మాట అవుతుంది, మన దగ్గర అలా కాదు. మాటని అక్షరాలుగా విడగొట్టడం మన పిల్లలకి పెద్ద కష్టం కాదు, చప్పట్లు కొడుతూ ప-ల-క అనమంటే హాయిగా అంటారు. కష్టమంతా కి లో కూడా క ఉందని, ఆ గుడి తీసుకెళ్లి త మీద పెడితే తి అవుతుందని పట్టుకోవడంలో ఉంది. అట్టముక్కతో గుడి కత్తిరించి చెక్క మీద పెట్టి చూశాను, కుదరదు, ఎందుకంటే గుడి వస్తే తలకట్టు పోవాలి, ముక్క మీద తలకట్టేమో పెయింట్ వేసేసి ఉంది. వత్తులు ఇంకా ఘోరం. అమ్మలో కింద ఉన్న వత్తుకీ పైనున్న మ కీ పోలికే ఉండదు, క, త, న, య, ర, ల ల సంగతీ అంతే. మొదటి గుంటలో అ కింద అమ్మ బొమ్మ వేసి, "అమ్మ" అని రాశారు కూడా, ఆ మాట చదవడానికి కావాల్సిన వత్తు మాత్రం పెట్టెలో లేదు.

పెట్టె మీద 3 నుంచి 7 ఏళ్లు అని ఉంది. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చేయాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి చివరికి పిల్లలు నాలుగైదు మాటల చిన్న వాక్యం చదవగలగాలి. ఈ బోర్డు అమ్మ దాకా కూడా తీసుకెళ్లదు.

మాకు పనికొచ్చింది పలక, బలపం. అత్తయ్య క రాస్తారు, పిల్ల తలకట్టు చెరిపి గుడి పెడుతుంది, మళ్లీ గుడి చెరిపి తలకట్టు, కొమ్ము పెడుతుంది, ఏమైందో చదువుతుంది. స్కూల్లో క కా కి కీ అని పాటలా చెప్పించారు, గడగడా అప్పజెప్పేది, మధ్యలో కూ ఒక్కటి చూపిస్తే మాత్రం మళ్లీ క నుంచి పాడుకుంటూ రావాల్సిందే. ఈ చెరిపి రాసే ఆట మొదలుపెట్టాక ఆ పాడుకోవడం బాగా తగ్గింది. చదవడానికైతే పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి. 2015 నుంచి ఉంది, తెలుగు కథలు ఉచితం, మొదటి స్థాయి కథలు 250 మాటల లోపే, ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి పిల్లలు ఊహించి చదివేస్తారు. డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు, ఫోన్ చేతికివ్వక్కర్లేదు.

బోర్డుకి 5కి 2 ఇస్తున్నా, అదీ చెక్కకే. మూడు నాలుగేళ్ల పిల్లలుంటే బొమ్మగా కొనుక్కోండి. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులు విడివిడిగా ఉండి అతికించి తీసేలా ఎవరైనా చేస్తే ₹1,000 అయినా కొంటాను, ఎక్కడైనా చూసి ఉంటే చెప్పండి.