పాత గేముల కోసం పాత థింక్‌ప్యాడ్ టీ60: ఆరు నెలలు వాడాక

ఆరు నెలల క్రితం సికింద్రాబాద్ సీటీసీలో, అదే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌లో, ఒక పాత థింక్‌ప్యాడ్ టీ60 లాప్‌టాప్ కొన్నాను, 3,800 రూపాయలు. ఆఫీసు పనికి వేరే లాప్‌టాప్ ఉంది, ఇది అచ్చంగా పాత గేముల కోసమే. డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ రాష్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, ఐజీఐ. ఈ పేర్లు వినగానే ఎవరింట్లో, ఎవరి పక్కన కూర్చుని ఆడారో గుర్తొచ్చేవాళ్ళు ఉంటే ఈ రివ్యూ వాళ్ళ కోసం. కొన్నందుకు చాలా సంతోషంగా ఉంది. బ్యాటరీ దగ్గర మాత్రం మోసపోయినట్టే అయింది, అదీ చెప్తాను.

షాపతను మొదట ఇది అమ్మడానికే ఇష్టపడలేదు. "ఇంకో ఆరేడు వేలు వేసుకోండి మేడమ్, ఐ5 ఇస్తా, స్లిమ్‌గా ఉంటది" అన్నాడు. "వద్దన్నా, నాకు స్క్రీన్ వెడల్పుగా ఉండకూడదు, పాత టీవీలా ఉండాలి" అన్నాను. పై రాక్‌లోంచి రెండు దించాడు, రెండింటి మీదా వేలు పెడితే అచ్చు పడేంత దుమ్ము. ఇక్కడ ఒక జాగ్రత్త. టీ60లు బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ కొన్నింట్లో ఇంటెల్ గ్రాఫిక్సే ఉంటుంది, కొన్నింట్లో విడిగా ఏటీఐ చిప్ ఉంటుంది. అక్కడే ఆన్ చేయించి డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి చూడండి, ఏటీఐ రేడియాన్ ఎక్స్1300 గానీ ఎక్స్1400 గానీ ఉంటే తీసుకోండి. ఐజీఐ, వైస్ సిటీ లాంటి 3డీ గేములకి తేడా అక్కడే తెలుస్తుంది. మొదటిదాంట్లో ఇంటెల్ ఉంది, రెండోదాంట్లో ఎక్స్1400 కనిపించింది, అదే తెచ్చుకున్నాను.

ఇక స్క్రీన్. నేను కొన్నదే దీనికోసం. 2006 నాటి మోడల్ కదా, 14.1 అంగుళాల తెర, 4:3 కొలత, నా దాంట్లో 1024 బై 768. ఇప్పటి వెడల్పు లాప్‌టాప్‌లో ప్రిన్స్ ఆడితే తెర నిండేలా సాగదీసుకోవాలి, అప్పుడు మనిషి పొట్టిగా, లావుగా అయిపోతాడు, లేదంటే రెండు పక్కలా నల్ల పట్టీలు పెట్టుకుని మధ్యలో ఆడుకోవాలి. పట్టీలతో నాకు పెద్ద ఇబ్బంది లేదు, కానీ ఆ సాగదీసిన బొమ్మ మాత్రం నేను చూడలేను. ఎందుకంటే ఆ గేమ్ చేసిన జోర్డాన్ మెక్‌నర్ తన తమ్ముడితో పరుగులు పెట్టించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికల్ని చూస్తూ ఒక్కో బొమ్మా గీశాడు. 1989లో వచ్చిన గేమ్‌లో మనిషి అంచు పట్టుకుని వేలాడుతుంటే ఒంటి బరువు తెలుస్తుందంటే కారణం అదే, కాళ్ళూ చేతులూ కొలత తప్పితే ఆ అందమంతా పోతుంది. టీ60లో ఆ బాధ లేదు, తెర అంచు నుంచి అంచు దాకా గేమే. డాస్‌బాక్స్ (పాత డాస్ గేముల్ని నడిపించే ప్రోగ్రామ్) సెట్టింగ్స్ ఫైల్‌లో 'యాస్పెక్ట్' అన్న లైన్‌ని 'ట్రూ' చేయడం మాత్రం మర్చిపోవద్దు. ఆ గేములు 320 బై 200లో ఉండేవి, అప్పటి మానిటర్లే వాటిని నిలువుగా లాగి చూపించేవి, ఆ లైన్ మార్చకపోతే ఇక్కడ కూడా బొమ్మ కాస్త నొక్కుకుపోతుంది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి అయితే ఇంకా బాగా కుదిరింది. గేమ్ ఆప్షన్స్‌లోనే 1024 బై 768 ఉంది, ఈ తెరదీ సరిగ్గా అంతే, కాబట్టి ఎక్కడా మసక లేదు. గొర్రెల ఉన్ని, పొలం గీతలు, ఊరివాళ్ళు చెట్టు కొడుతుంటే గొడ్డలి లేచి పడటం, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. రోడ్ రాష్ 640 బై 480 కాబట్టి కొంచెం మెత్తబడుతుంది, అది ఆట మొదలయ్యాక పట్టించుకునేంత కాదు.

దీంట్లో వేసుకున్న విండోస్ ఎక్స్‌పీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది "డాస్‌బాక్స్ ఉంది కదా, పాత లాప్‌టాప్ ఎందుకు" అంటారు. డేవ్, ప్రిన్స్ లాంటి డాస్ గేములు మాత్రమే ఆడేవాళ్ళయితే నిజంగా ఇది కొనక్కర్లేదు, డాస్‌బాక్స్ ఫ్రీ, ఏ లాప్‌టాప్‌లోనైనా నడుస్తుంది. గేమ్ మరీ వేగంగా పరిగెడితే కంట్రోల్ ఎఫ్11తో తగ్గించి, కంట్రోల్ ఎఫ్12తో పెంచుకోవచ్చు, అంతే. చిక్కంతా 1996 నుంచి 2003 మధ్య విండోస్ గేములతోనే. అప్పటి చాలా సీడీల్లో సేఫ్‌డిస్క్ అనే కాపీ లాక్ ఉండేది, దాని డ్రైవర్‌ని విండోస్ 10లో తీసేశారు, కాబట్టి డబ్బు పెట్టి కొన్న ఒరిజినల్ సీడీ చేతిలో ఉన్నా గేమ్ తెరుచుకోదు. 256 రంగుల గేముల్ని విండోస్ 7లో పెడితే గడ్డీ నీళ్ళూ రంగులు మారిపోయేవి, అప్పట్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడినవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. ఎక్స్‌పీలో ఇవేవీ లేవు. సీడీ పెట్టాను, డ్రైవ్ గుర్రుమని తిరిగింది, ఇన్‌స్టాల్ అయింది, ఆడాను. రోడ్ రాష్‌కి ఒక్కదానికే ప్రాపర్టీస్‌లో విండోస్ 95 మోడ్ పెట్టాల్సి వచ్చింది.

ఇన్‌స్టాలేషన్ దగ్గర ఒక సాయంత్రమంతా పోయింది. పాత హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్ఎస్‌డీ వేశాను, ఎక్స్‌పీ సెటప్ సగంలో నీలం తెర వచ్చి ఆగిపోతోంది, 7బీ ఎర్రర్. ర్యామ్ పోయిందేమో అని టెన్షన్ పడి రెండు స్టిక్కులూ మార్చి మార్చి చూశాను. అసలు సంగతి ఏంటంటే ఎక్స్‌పీకి ఏహెచ్‌సీఐ అనే డిస్క్ మోడ్ అర్థం కాదు, బయోస్‌లోకి (ఆన్ అవుతున్నప్పుడే తెరుచుకునే సెట్టింగ్స్) వెళ్ళి సాటా అనే డిస్క్ సెట్టింగ్‌ని కంపాటిబిలిటీకి మార్చగానే ఐపోయింది. మీరు ముందే మార్చుకోండి. ఇంకోటి, ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి, కాబట్టి దీన్ని నెట్‌కి కలపకండి, ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌తోనే. లాప్‌టాప్ ముందు అంచున వైఫై స్విచ్ ఉంటుంది, పక్కకి జరిపితే చాలు. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది, వైఫై కార్డు కుడి అరచేయి ఆనించే చోటు కిందే ఉంటుంది, ఆన్‌లో ఉంటే గంటలో అక్కడ వేడెక్కుతుంది, ఆపేశాక ఆ బాధ పోయింది.

బ్యాటరీ గురించి. కొనేటప్పుడు "రెండు గంటలు ఈజీగా వస్తది మేడమ్" అన్నాడు, వారం రోజులు టెస్టింగ్ వారంటీ అని బిల్లు మీద రాసిచ్చాడు. ఇంటికొచ్చి ఫుల్ ఛార్జ్ పెట్టి తీస్తే 11 నిమిషాలు. మర్నాడే వెళ్తే "బ్యాటరీకి వారంటీ ఉండదు" అన్నాడు. ఇరవై ఏళ్ళ నాటి మోడల్‌కి బ్యాటరీ నిలవకపోవడంలో వింతేం లేదు, కానీ ఆ ముక్క అమ్మేటప్పుడే చెప్పాలి కదా, నాకు కోపం వచ్చింది అందుకే. ఛార్జర్ పెట్టుకునే ఆడుతున్నాను. మీరు బ్యాటరీ లేనట్టే లెక్కేసి బేరం చేయండి.

కీబోర్డు మాత్రం అద్భుతం. ప్రిన్స్‌లో షిఫ్ట్ పట్టుకుని ఒక్కో అడుగూ జాగ్రత్తగా వేయాలి కదా, ముళ్ళ ముందు, కూలిపోయే పలకల ముందు. ఇప్పటి పల్చటి కీల మీద నొక్కానో లేదో తెలియక చాలాసార్లు చచ్చిపోయేదాన్ని. దీంట్లో కీ లోతుగా దిగి, వేలికి తెలిసేలా పైకి లేస్తుంది. ఒకే ఒక్క లోపం, ఎడమ పక్క మూలన కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్ఎన్ కీ ఉంటుంది, బయోస్‌లో మార్చుకునే వీలు కూడా దీంట్లో లేదు. డేవ్‌లో కంట్రోల్ అంటే తుపాకీ.

ఇది అనుభవంలోకి వచ్చింది మొన్న అన్నయ్య తెనాలి నుంచి వచ్చినప్పుడు. చిన్నప్పుడు స్కూలు ల్యాబ్‌లో ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్ ఇచ్చేవాళ్ళు, అందుకని డేవ్‌ని పంచుకునేవాళ్ళం, బాణం కీలు అన్నయ్యవి, తుపాకీకి కంట్రోల్, జెట్‌ప్యాక్‌కి ఆల్ట్ నావి. రాత్రి పిల్లలు పడుకున్నాక హాల్లో లైటు తీసేసి కూర్చున్నాం. ఎఫ్ఎన్, పేజ్ అప్ కలిపి నొక్కితే తెర పైఅంచు నుంచి చిన్న దీపం కీబోర్డు మీద పడుతుంది, ఆ వెలుగు చాలు. అన్నయ్య ఏమీ అడగలేదు, కుడిచెయ్యి నేరుగా బాణం కీల మీదికి వెళ్ళిపోయింది. "కొట్టవే, కొట్టు" అని గుసగుసగా అరుస్తున్నాడు, నా చిటికెన వేలేమో ఎఫ్ఎన్ మీద ఉంది, డేవ్ పోయాడు. మళ్ళీ మొదలుపెట్టాం. ఒంటిగంట దాకా ఆడాం.

పొద్దున్నే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ చూపించాను. అన్నయ్యకి అదే ఎక్కువ ఇష్టం, ఇద్దరం కలిసి ఆడితే బాగుంటుందన్నాడు. దానికి రెండో లాప్‌టాప్ కావాలి, మధ్యలో ఒక ల్యాన్ కేబుల్ చాలు. ఆ గేమ్ 2డీ కాబట్టి ఇంటెల్ గ్రాఫిక్స్‌తో కూడా హాయిగా నడుస్తుంది. ఆ రోజు వద్దని వదిలేసి వచ్చిన మొదటి టీ60 ఇంకా ఆ రాక్ మీదే ఉందేమో శనివారం వెళ్ళి అడుగుతాను, ఈసారి బ్యాటరీ తీసేసి ధర చెప్పమంటాను.