జాగ్రత్త: సెకండ్ హ్యాండ్ కార్బన్ బ్లేడ్ చక్రాలను తిప్పి చూసి కొనకండి

చెన్నైలో సైకిల్ తొక్కే మన తెలుగువాళ్లందరికీ ఈ హెచ్చరిక. కార్బన్ బ్లేడ్ చక్రాలు, అంటే సన్నటి స్పోకులకు బదులు మూడో నాలుగో వెడల్పాటి రెక్కలుండే చక్రాలు, సెకండ్ హ్యాండ్‌లో కొనే ఆలోచన ఉంటే కాస్త ఆగండి. నేను కొన్నాను. నాలుగు నెలలు బాగానే తొక్కాను. ఐదో నెలలో ముత్తుకాడు దగ్గర ముందు చక్రం హబ్బు (యాక్సిల్ చుట్టూ ఉండే మధ్య భాగం) ఊడి రోడ్డు మీద పడ్డాను. ఎడమవైపు కాలర్ బోన్ విరిగింది. హెల్మెట్ నిలువునా పగిలింది. వెనకాల వస్తున్న వ్యాన్ డ్రైవర్ సమయానికి బ్రేక్ వేయబట్టి ఇవాళ కూర్చుని ఇది రాయగలుగుతున్నాను.

మాది నెల్లూరు. ఉద్యోగం చెన్నైలో, ఇల్లు వేళచ్చేరిలో. ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి, తిరువాన్మియూరులో ఈసీఆర్ (సముద్రం పక్కన సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కి, మహాబలిపురంలో టిఫిన్ చేసి తిరిగి రావడం మా నలుగురైదుగురికి అలవాటు. రానుపోను 100 కిలోమీటర్ల పైమాటే. సైకిల్ సామాన్లు అమ్మే ఒక షాపులో (పేరు రాయను) ఈ చక్రాల జత వేలాడుతుంటే చూశాను. నల్లటి కార్బన్, ఒక్కో చక్రానికి మూడు రెక్కలు, వాటి మీద ఎర్ర స్టిక్కర్లు. ‘విదేశాల నుంచి వచ్చిన జత సార్, ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) చేసే ఆయన కొన్నాళ్లే వాడారు’ అన్నాడు షాపతను. పేరున్న కంపెనీవి కొత్తవి కొనాలంటే లక్ష దాటుతుంది. ఇతను 45 వేలు చెప్పి 38 వేలకి దిగాడు.

నా ఎదురుగానే స్టాండ్‌కి బిగించి చక్రం తిప్పాడు. వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ ఊగలేదు. అది చూసే డబ్బు కట్టేశాను. ఈ ఒక్క విషయం మీ చెవిన వేయాలనే ఇంత రాస్తున్నాను. చక్రం బెండు లేకుండా తిరగడం మామూలు స్పోకుల చక్రానికి మంచి పరీక్షే. బ్లేడ్ చక్రానికి మాత్రం ఆ పరీక్షతో ఏమీ తెలియదు.

ఎందుకంటే మామూలు చక్రంలో 20 నుంచి 36 దాకా స్టీలు స్పోకులు బిగుతుగా లాగి కట్టి ఉంటాయి. బరువంతా వాటన్నిటి మీదా పంచుకుని పడుతుంది. ఒక స్పోకు తెగితే టంగుమని చప్పుడొస్తుంది, చక్రం బెండు తిరిగి బ్రేకుకి రాసుకుంటుంది. బ్రేకు కాస్త వదులు చేసుకుని మెల్లగా ఇల్లు చేరవచ్చు. మర్నాడు షాపులో కొత్త స్పోకు వేసి బెండు తీస్తారు. అంటే ఆ చక్రం పాడయ్యే ముందు మనకి కబురు పెడుతుంది. బ్లేడ్ చక్రంలో ఉన్నవే మూడు రెక్కలు, మధ్యలో అల్యూమినియం హబ్బు, ఆ రెంటినీ పట్టి ఉంచేది జిగురు. రెక్క బిగువు తగ్గడం, రిమ్ము కొద్దికొద్దిగా ఒంగడం అనేవి ఇందులో ఉండవు. కార్బన్ నారను రెసిన్ అనే గట్టిపడే జిగురుతో పొరలు పొరలుగా అతికించి చేసిన వస్తువు అది. స్టీలులా సాగదు, ఒంగదు. పొరల మధ్య జిగురు విడిపోతున్నా పైకి నిగనిగలాడుతూ నున్నగానే కనిపిస్తుంది. చివరి నిమిషం దాకా తిన్నగా తిరిగి, ఒక్కసారిగా పోతుంది. స్పోకు తెగితే ముప్పైలో ఒకటి పోయినట్టు. ఇక్కడ పోయేది మూడింట ఒకటి, అదీ ముందు చక్రంలో!

ఒకటి స్పష్టం చేయాలి. ‘బ్లేడెడ్ స్పోక్’ అని ఇంకో రకం ఉంది. స్టీలు స్పోకునే నొక్కి బల్లపరుపుగా చేస్తారు, వెడల్పు 2 మిల్లీమీటర్ల పైన, మందం ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ. అవి ఎప్పటిలాగే లాగి కట్టేవి, తెగితే మార్చుకునేవి. నేను భయపెడుతున్నది వాటి గురించి కాదు.

నాకు కబురు అసలు రాలేదని చెప్పలేను. మూడో నెలలో ఒక సాయంత్రం మా అమ్మాయి సైకిల్ తుడుస్తూ, ‘నాన్నా, ఇక్కడ ముగ్గుపిండిలాగా ఏదో ఉంది’ అంది. చూస్తే ముందు చక్రం హబ్బు చుట్టూ, కార్బన్‌లోకి దిగే చోట, గోరుతో గీస్తే రాలేటంత తెల్లటి పొడి, సన్నటి ఉంగరంలా. సముద్రపు గాలికి పట్టిన ఉప్పనుకుని తడిగుడ్డతో తుడిచేశాను. రెండు వారాలకి సరిగ్గా అదే చోట మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచాను. దాదాపు అప్పుడే ఒక చప్పుడు కూడా మొదలైంది. లేచి నిలబడి గట్టిగా తొక్కితే చక్రం చుట్టుకి ఒకసారి ‘టిక్’. కూర్చుంటే ఉండదు. షాపుకి తీసుకెళ్తే ‘బేరింగ్‌లో గ్రీజు ఎండింది సార్’ అని గ్రీజు పెట్టి 300 తీసుకున్నాడు. రెండు రోజులు చప్పుడు తగ్గింది, మూడో రోజు తిరిగొచ్చింది.

ఆ ఆదివారం తిరుగు ప్రయాణంలో ముత్తుకాడు వంతెన దాటాం. వేగం 30 లోపే. రోడ్డు బాగుంది, గుంతలేదీ లేదు. హ్యాండిల్ ఒక్కసారి ఎడమకి జారినట్టయింది. కింద చూసేలోపు చక్రం, దాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కుకి ఆనుకుంది, రెక్క పటేలున విరిగింది. వెనక ఉన్న మా తమ్ముడివరస కుర్రాడు ‘అన్నా, చక్రం!’ అని అరిచిన కేక వినిపించింది. ఆ తర్వాత గుర్తున్నది తారు వాసన. పక్క చిరుతిళ్ల బండిలో నీళ్లమ్మే ఆవిడ చెంగు తడిపి నుదురు తుడుస్తూ తమిళంలో ఏదో ఓదారుస్తోంది. ఆవిడ ముఖం నేను మరిచిపోలేను.

చెయ్యి కట్టు విప్పాక విరిగిన చక్రాన్ని మా ఏరియాలో ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. చిత్తూరు మనిషి, నలభై ఏళ్లుగా సైకిళ్ల పనిలోనే ఉన్నాడు. ఆయన ముందు ఎర్ర స్టిక్కర్లు ఊడదీశాడు. ఒక స్టిక్కరు కింద, రెక్క హబ్బులో కలిసే మూలలో, పాత పగులు. దాని మీద రంగు వేసి, పైన మెరుపు పూత పూసి, ఆ పైన స్టిక్కరు అంటించారు. తర్వాత హబ్బుని చేతిలోకి తీసుకుని నాకు చూపించాడు. ‘చూడు నాయనా, అతుకు బాగుండి బలానికి ఊడితే దీనికి నార చిరిగి అంటుకోనుండాల. ఇది అద్దం మాదిరి నున్నగా ఉంది. అంటే ఎప్పుడో వదిలేసింది. నువ్వు తొక్కతా ఉండింది ఊరికే ఇరుక్కోనుండే హబ్బు మీద.’ హబ్బు చుట్టూరా అదే తెల్లపొడి, ఈసారి లోపల కూడా.

ఆ పొడి ఉప్పు కాదు, అల్యూమినియం తుప్పు. ఇనుము తుప్పు ఎర్రగా ఉంటుంది, అల్యూమినియంది తెల్లగా ఉంటుంది. కార్బన్ నారలో కరెంటు పారుతుంది. అది అల్యూమినియాన్ని నేరుగా తాకుతూ ఉండి, మధ్యలో ఉప్పునీళ్లు చేరితే, అక్కడ చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియమే. మంచి కంపెనీలు ఈ రెండూ తగలకుండా మధ్యలో గాజునార పొర వేస్తాయి. పాత చక్రాల్లో, నకిలీల్లో, ఎక్కడో మళ్లీ అతికించిన వాటిలో ఆ పొర ఉందో లేదో బయటినుంచి తెలిసే మార్గం లేదు. సముద్రపు తేమ, ఒంటి మీంచి కారే చెమట, రెండూ ఉప్పే. అందుకే ఇదే చక్రం ఏ పొడి ఊళ్లోనో ఇంకొన్నాళ్లు నడిచేదేమో కానీ ఈసీఆర్ మీద నడవలేదు. చెన్నైవాళ్లు ఇంకో రెండింతలు జాగ్రత్తగా ఉండాలని నేననేది ఇందుకే.

ఈ చక్రాలు చెడ్డవని కాదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బ్రిటన్ సైక్లిస్టు క్రిస్ బోర్డ్‌మన్ లోటస్ కంపెనీ సైకిల్ మీద స్వర్ణం గెలిచినప్పుడు దాని ముందు చక్రం మూడు రెక్కలదే. కానీ అది వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల కోసమే కట్టిన ట్రాక్. అక్కడ గుంత ఉండదు, బస్సు ఉండదు, పక్కన మెకానిక్‌లు ఉంటారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ కూడా గుంపుగా సాగే రోడ్డు రేసుల్లో చక్రానికి కనీసం 12 స్పోకులు ఉండాలనీ, ఏ స్పోకూ 10 మిల్లీమీటర్లకు మించి వెడల్పుండకూడదనీ నియమం పెట్టింది. మన మూడు రెక్కల చక్రం ఆ లెక్కలోకి రానే రాదు. ఒంటరిగా సాగే టైమ్ ట్రయల్‌కీ, ట్రాక్‌కీ దానికి చోటుంది. మనం ఈసీఆర్ మీద తొక్కేది మాత్రం గుంపులోనే, పక్కవాడి చక్రానికి అడుగు దూరంలో. 36 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి దాదాపు ఐదు చుట్లు తిరుగుతుంది, అంటే ఒకే చోట సెకనుకి పద్నాలుగు సార్లు రెక్క దూసుకుపోతుంది. అందులో వేలు పడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఇంట్లో స్టాండ్ మీద పెట్టి పెడల్ తిప్పి ఆడుకునే పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

గాలి సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలంలో పొద్దెక్కే కొద్దీ సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. ముత్తుకాడు వంతెన మీద చాటు ఏమీ ఉండదు. వెడల్పు రెక్కలూ లోతు రిమ్మూ తెరచాపలా గాలి పట్టుకుంటాయి, ముందు చక్రమైతే హ్యాండిల్‌నే లాగుతుంది. బస్సు దాటేటప్పుడు మొదట గాలి ఆగిపోయి, అది దాటగానే ఒక్కసారి తన్నుతుంది. హవాయిలో కోనా దగ్గర జరిగే ఐరన్‌మ్యాన్ అనే ట్రయాథ్లాన్ పోటీలో పక్కగాలుల వల్లే పూర్తి డిస్క్ చక్రాలను (సందు లేకుండా పళ్లెంలా మూసి ఉండేవాటిని) అనుమతించేవారు కాదు. సన్నగా ఉండేవాళ్లు, కొత్తవాళ్లు ముందు చక్రానికి వీటి జోలికి పోకపోవడమే మంచిది. మనం తొక్కే 28, 30 వేగంలో వీటివల్ల కలిసొచ్చేదీ కొద్దే.

ఇప్పటికే మీ దగ్గర ఇవి ఉంటే భయపడకండి, కానీ చూసుకోండి. టైరు విప్పి, స్టిక్కర్లన్నీ పీకి, హబ్బు మూలల్లో టార్చి వేసి చూడండి. రూపాయి బిళ్లతో రెక్క పొడవునా తట్టండి. ఒకే రకం గట్టి శబ్దం రావాలి. ఎక్కడైనా డొల్లగా, మట్టిగోడ మీద కొట్టినట్టు వినిపిస్తే అక్కడ పొర విడిచిందనే అనుమానించాలి. దూది రాస్తే చిక్కుకునే చోట నార లేచినట్టు. యాక్సిల్ కదలకుండా పట్టుకుని రిమ్మును పక్కకి నొక్కండి, హబ్బు దగ్గర ఏ మాత్రం కదలికా ఉండకూడదు. తెల్లపొడి తుడిచాక మళ్లీ అదే చోట వస్తే, నిలబడి తొక్కినప్పుడు ‘టిక్’ వినిపిస్తే, ఆ చక్రం ఇక రోడ్డెక్కకూడదు. ఇన్ని చూసినా లోపల ఏముందో పూర్తిగా తెలియదు, అందుకే చరిత్ర తెలియని జత కొనవద్దంటున్నాను. పాతవాటిలో చాలావాటికి జిగురుతో అంటించే ట్యూబులర్ టైర్లుంటాయి. ఎండలో కారు డిక్కీలో పెడితే ఆ జిగురూ మెత్తబడుతుంది. కార్బన్ రిమ్ముకి అల్యూమినియం రిమ్ము బ్రేక్ ప్యాడ్లు వాడకండి. ఇవి వేసుకుని యేలగిరి కొండ 14 మలుపులూ బ్రేకు పట్టుకుని దిగడం అసలే వద్దు, ఆ రాపిడికి రిమ్ము వేడెక్కుతుంది.

షాపతను ఏమన్నాడంటే, ‘మీరే గుంతలో వేసుంటారు, స్పోర్ట్స్ సామానుకి గ్యారంటీ ఉండదు’ అని. బిల్లు మీద ‘పాత పార్టులు’ అని మాత్రమే రాసిచ్చాడు. అయినా ఆ బిల్లు, స్టిక్కరు కింద పగులు ఫోటోలు, వైద్యం ఖర్చుల రసీదులు జత చేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాను. కొన్న ధర ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, రెండేళ్లలోపు వేయాలి. ముందు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి అడగవచ్చు. అందుకే ఏది కొన్నా బిల్లు తీసుకోండి.

వెనక చక్రం బాగానే ఉంది కదా అని ఒకతను 12 వేలకు అడిగాడు. ఇవ్వలేదు. మెకానిక్ షాపులోనే రంపంతో మూడు ముక్కలు కోయించాను.

కిందటి శనివారం ఆ షాపు మీదుగా వెళ్తూ ఆగి చూశాను. అదే హుక్కుకి ఇంకో జత వేలాడుతోంది, తెల్ల రంగు, నీలం స్టిక్కర్లు, మూడు రెక్కలు. ఈ రెండు మూడు నెలల్లో చెన్నైలో ఎవరైనా అలాంటి జత కొని ఉంటే, రేపు పొద్దున బయల్దేరే ముందు ఆ స్టిక్కర్లు పీకి చూడండి.