‘సన్‌సెట్ బులెవార్డ్’ బ్లూరే కొంటున్నారా? కవర్ మీద ఒకటి, లోపల ఇంకొకటి

పాత హాలీవుడ్ సినిమాల డిస్కులు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు కాస్త చూసుకోండి. ఒక పెద్ద షాపింగ్ సైట్‌లో ‘సన్‌సెట్ బులెవార్డ్’ బ్లూరే రూ.1,299కి పెట్టారు. ‘రీస్టోర్డ్ కలెక్టర్స్ ఎడిషన్, వైడ్‌స్క్రీన్’ అని పైన పెద్ద అక్షరాలు. అది బ్లూరే కాదు, కంపెనీ డిస్కు అంతకన్నా కాదు. ఎవరో కంప్యూటర్‌లో కాపీ కొట్టిన డీవీడీకి మంచి కవర్ తొడిగి నాకు అంటగట్టారు.

బయటినుంచి చూస్తే అనుమానమే రాదు. నీలం పెట్టె, బిగుతుగా చుట్టిన ప్లాస్టిక్, వెనక సినిమా తీసిన పారామౌంట్ కంపెనీ ముద్ర, అన్నీ ఉన్నాయి. డిస్కు తిరగేస్తే బండారం బయటపడింది. అడుగున ఊదా రంగు ఛాయ. ఫ్యాక్టరీలో అచ్చయిన డీవీడీ అడుగు వెండిలా ఉంటుంది. కంప్యూటర్‌లో పెట్టి చూశాను. బ్లూరేలో ఉండాల్సిన బీడీఎంవీ ఫోల్డర్ లేదు, డీవీడీల్లో ఉండే వీడియో టీఎస్ ఫోల్డర్ ఉంది. సరుకంతా కలిపి 4 జీబీ చిల్లర. ఒక్క పొర ఉన్న మామూలు బ్లూరేలోనే 25 జీబీ పడుతుంది. మెనూ లేదు, సబ్‌టైటిల్స్ లేవు.

అంతటితో అయితే వాపసు పంపేసి ఊరుకునేవాణ్ణి. ఒళ్లు మండింది బొమ్మ చూశాక.

ఇది 1950 నాటి నలుపు తెలుపు సినిమా. ఫ్రేము వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.37:1, అంటే పాత టీవీ తెర ఆకారానికి దగ్గరగా ఉంటుంది. వెడల్పు తెర పద్ధతి సినిమాస్కోప్ జనం ముందుకొచ్చిందే 1953లో. కాబట్టి దీనికి ‘వైడ్‌స్క్రీన్’ అని ఎవరు రాసినా అక్కడే ఆగిపోండి. అసలైన డిస్కు వేస్తే ఇప్పటి టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి. ఈ మహానుభావులు తెర నిండాలని పైనా కిందా కోసేశారు. లెక్కేస్తే బొమ్మలో 23 శాతం దాకా పోయినట్టే. పాత స్టార్లు పేకాడే సీన్‌లో ఒకసారి తల సగం లేదు, ఇంకోసారి చేతిలో ముక్కలు లేవు. ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఎవరనుకున్నారు? బస్టర్ కీటన్, అన్నా క్యూ. నిల్సన్, హెచ్.బి. వార్నర్. ముగ్గురూ నిజంగానే మూకీల కాలంలో వెలిగినవాళ్లు, ఇందులో తమలాగే కనిపిస్తారు. కీటన్ నోట వచ్చేది ‘పాస్’ అన్న మాటే. మిగతాదంతా ముఖమే చెప్పాలి, వీళ్లు ఆ ముఖాన్నే కోశారు.

కోత ఒక్కటే అయితే కొంత నయం. ఫిల్ము గ్రెయిన్ (ఫిల్ము మీద సహజంగా కనిపించే సన్నటి రేణువులు) పోగొట్టడానికి ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి ముఖాలన్నీ నున్నగా తుడిచేశారు. ఈ సినిమాలో అది చేయకూడని పని. కథలో ముఖ్య పాత్ర నార్మా డెస్మండ్ యాభై ఏళ్ల మాజీ తార. ఆ పాత్ర వేసిన గ్లోరియా స్వాన్సన్‌ది కూడా షూటింగ్ నాటికి అదే వయసు, తనూ ఒకప్పటి మూకీ రాణే. మళ్లీ కెమెరా ముందుకు వెళ్లాలని నార్మా ముఖానికి రకరకాల చికిత్సలు చేయించుకునే ఘట్టం ఉంది. ఈ డిస్కులో ఆవిడ మొదటినుంచీ ప్లాస్టిక్ బొమ్మలా ఉంటే ఆ తంటా అంతా దేనికో కొత్తగా చూసేవాళ్లకి అర్థమవుతుందా? ఆమె ఇంట్లో తెర మీద వేసుకు చూసే పాత సినిమా ‘క్వీన్ కెల్లీ’. దానికి దర్శకుడు ఎరిక్ వాన్ స్ట్రోహైమ్, నాయిక స్వాన్సన్. ఇక్కడ అదే స్ట్రోహైమ్ ఆమె బట్లర్ మాక్స్‌గా ప్రొజెక్టర్ తిప్పుతుంటాడు. ఆ పాత ముఖాన్నీ ఈ ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాలని ఈ సినిమా దర్శకుడు బిల్లీ వైల్డర్ అంత పని చేస్తే, వీళ్లు రెండింటినీ ఒకే ఇస్త్రీ చేశారు.

అసలు డిస్కు దొరికినవాళ్లు మాత్రం ఒకటి గమనించండి. చివర్లో నార్మా కెమెరా మీదికి నడిచొస్తుంటే బొమ్మ మసకబారుతుంది. అది డిస్కు లోపం కాదు, సినిమాలోనే అంత. దానికి వాపసు పెట్టకండి.

నిడివి 110 నిమిషాలు. యూరప్ నుంచి వచ్చిన పాల్ (అక్కడి టీవీ పద్ధతి) డీవీడీ అయితే 4 శాతం వేగంగా ఆడుతుంది, 106 నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది, అంతమాత్రాన నకిలీ అనుకోవద్దు. రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, దాని సంగతి వేరే తలనొప్పి. మనది డీవీడీలకు 5, బ్లూరేలకు సి. అమెరికా బ్లూరే మీద ఎ అని మాత్రమే ఉంటే ఇక్కడి మామూలు ప్లేయర్లో ఆడదు. ముందే అమ్మేవాణ్ణి డిస్కు అడుగు ఫొటో అడగండి. నేను అడిగిన ఇంకో ఇద్దరు అమ్మకందార్లలో ఒకాయన వెంటనే పంపాడు, రెండో ఆయన జవాబే ఇవ్వలేదు.

డబ్బు సంగతి. ‘సీలు తీసిన డిస్కు వాపసు తీసుకోం’ అన్నాడు అమ్మినవాడు. ఆ మాట చెల్లదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకు నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వాపసు తీసుకోవాల్సిందే. సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. నా విషయంలో పార్సిల్ విప్పిన వీడియో, ఊదా అడుగు ఫొటో, ఫోల్డర్ల స్క్రీన్‌షాట్ పంపాక దారికొచ్చారు, డబ్బు వెనక్కి వచ్చింది. వీడియో మాత్రం పార్సిల్ మీద అడ్రస్ చీటీ కనిపించేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా తీయండి.

ఆ పేజీ తీసేశారు. ఇప్పుడు అవే ఫొటోలతో, ఇంకో అమ్మకందారు పేరు మీద, రూ.200 తక్కువకి మళ్లీ పెట్టారు. ‘వైడ్‌స్క్రీన్’ అన్న మాట మాత్రం మార్చలేదు, గుర్తుపట్టడం తేలికే.