చలికాలం మడికి బర్రె పెంటా, గొర్రె ఎరువా?

కార్తీకం మొదలైతే చాలు, నాకు ఫోన్లే ఫోన్లు. "అక్కా, పాలకూర, మెంతి మళ్లు చేస్తున్న. ఏ పెంట పొయ్యాలె?" అని. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఇప్పుడు రెండూ దొరుకుతాయి. వరి కోసిన పొలాల్లో గొర్ల మందలు దిగుతాయి, పెంటికలు సంచుల లెక్కన ఇస్తారు. బర్రె పెంటకైతే ఊర్లో తెలిసినవాళ్ల పెంటకుప్ప ఉండాలి.

బలం చూస్తే గొర్రె ఎరువే మేలు. నత్రజని అందులో దాదాపు 3 శాతం, బర్రె పెంటలో అర శాతమే. అయినా బలం చూసి కొనడం నేను మానేశాను. ఇప్పుడు చూసేది ఒక్కటే, మాగిందా లేదా. వానాకాలంలో కొంచెం పచ్చిగా ఉన్నా తడికి, వేడికి భూమిలోనే కుళ్లుతుంది. చలికాలం అట్లా కాదు. రాత్రులు 15 డిగ్రీలకు దిగితే కుళ్లడం బాగా మందగిస్తుంది. పాలకూర నెలకే కోతకొస్తుంది, ఎరువు ఇంకా ఎరువు కానేకాదు.

పోయినేడు నాకు ఇదే జరిగింది. మంద లేచిన మర్నాడే తెచ్చిన పెంటికలు మెంతి మడిలో కలిపాను. మొలకలు బాగానే వచ్చాయి, రెండాకులు వేశాక అంచులు మాడాయి. కోతయ్యాక తవ్వితే పెంటికలు గోలీల్లా అట్లనే ఉన్నాయి. ఒకటి గోటితో విరిస్తే లోపల పచ్చగా గడ్డి నార. గొర్లు తిన్న సర్కారు తుమ్మ కాయల గింజలు కూడా మొలిచాయి, ఆ ముండ్ల మొక్కలు పీకడం ఇంకో పని.

బర్రె పెంటను కూడా చూడకుండా నమ్మొద్దు. పచ్చిదైతే వేరుపురుగు, చెదలు వెంట వస్తాయి. ఏడాది దాటిన కుప్ప అడుగున ఉన్నది అడగండి. గుప్పెడు తీసి వాసన చూడండి. పేడ వాసనొస్తే వద్దు. తొలకరి మట్టి వాసన రావాలి, వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా రాలాలి. మన ఎర్ర చెల్కలో నీళ్లు నిలవవు, దసరా దాటాక వానను నమ్ముకోలేం. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు మడికి 25 కిలోల మాగిన పెంట పడితే బోరు నీళ్లు పెట్టిన తడి ఇంకో రోజు ఆగుతుంది. గొర్రె ఎరువు అంత పోయలేం, 5 కిలోలకే ఆపాలి. నేను బర్రె పెంట వైపే ఉండడానికి ఇదీ ఒక కారణం.

వర్మీ కంపోస్టు కుండీలకు బాగుంటుంది, పెరడంతా పోయాలంటే ఖర్చు. కోడి ఎరువు ఆకుకూరలకు వద్దు, వేడి.

గొర్రె సంచులు ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు పారెయ్యకండి. పెరట్లో ఓ మూల గుంత తీసి పోసి, పైన మట్టి, తడి గోనె కప్పి, వారానికోసారి నీళ్లు చల్లండి. ఉగాదికి సొర, బీర గింజలు పెట్టేనాటికి పెంటిక వేళ్ల మధ్య నలిగిపోతుంది.