వాయిస్ ఓన్లీ ప్యాక్ రివ్యూ: ఆ ఆరు పైసలు ఎటు పోయాయి?

ముందే చెప్పేస్తున్నా, ఇంట్లో బటన్ ఫోన్ వాడే పెద్దవాళ్లుంటే ఈ వాయిస్ ఓన్లీ ప్యాకే వేయించండి, వాళ్లకి డేటా ప్యాక్ శుద్ధ దండగ. అలాగని రేటు చూసి చవగ్గా ఇచ్చారని మాత్రం మురిసిపోకండి. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి కాల్ కలిపినందుకు కంపెనీలు ఒకదానికొకటి కట్టుకునే చార్జీ (చివర్లో నిమిషానికి ఆరు పైసలుండేది) ఎంత నుంచి ఎంతకి పడిపోయిందో తెలిస్తే ఒళ్లు మండుతుంది.

ముందు ప్యాక్ సంగతి. నెట్ అక్కర్లేని వాళ్లకి కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్ పెట్టి తీరాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ (ఫోన్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) ఆర్డరేసింది. 2025 జనవరిలో కంపెనీలు పెట్టాయి. ఎలా పెట్టాయో చూడండి. ఎయిర్‌టెల్‌లో అప్పటిదాకా 509 రూపాయలకి 84 రోజుల ప్యాక్ ఉండేది, అందులో 6 జీబీ డేటా వచ్చేది. ఆ 6 జీబీ పీకేసి 499 అన్నారు. ఏడాది ప్యాక్ 1999, దాంట్లో 24 జీబీ; అది తీసేసి 1959. అంటే 24 జీబీ విలువ నలభై రూపాయలన్నమాట! అదే డేటా విడిగా కొనుక్కోబోతే ఆ రేటుకి ఇస్తారేమో అడగండి. ఈ రేట్లు పరిశీలిస్తామని ట్రాయ్ అనేసరికి రోజుల్లోనే 469, 1849 అయ్యాయి. జియో కూడా అంతే, 458 కాస్తా 448 అయింది, 365 రోజులకి 1958 అన్నది 336 రోజులకి 1748 అయింది. ఒక్క మాటకే ఇంత దిగారంటే ఇంకెంత సందు ఉందో మరి.

మా అమ్మ సిమ్‌కి ఈ 84 రోజుల ప్యాకే వేయిస్తున్నా, కంపెనీ పేరు చెప్పను. సిగ్నల్ బాగానే ఉంటుంది, కాల్స్‌కి లిమిట్ లేదు, ఆవిడ పొద్దున్నే చెల్లెళ్లిద్దరితో గంటలు గంటలు మాట్లాడినా ఒక్క పైసా తెగదు. ఇబ్బందల్లా ప్యాక్ దొరకడంలోనే. యాప్ తెరిస్తే పైన సినిమాలు, క్రికెట్, రోజుకి 2 జీబీ, ఇవే వరసగా కనిపిస్తాయి. వాటన్నిటినీ కిందకి తోసుకుంటూ పోతే చివరాఖరికి ఎక్కడో ఓ మూల ఉంటుంది ఇది. ఊళ్లో రీఛార్జ్ షాపుకి ఆవిడే వెళ్తే "పెద్దమ్మా, ఆ ప్యాక్ ఇప్పుడు రావట్లేదు, 299 వేస్తా, నెట్ కూడా వస్తది" అన్నాడట కుర్రాడు. నెట్ దేనికి నాయనా, ఫోన్‌కి బటన్లున్నాయి కదా! పెద్ద రీఛార్జ్ చేస్తే వాడికి కమీషన్ కూడా పెద్దదే, ఇంక చిన్న ప్యాక్ పేరెందుకు ఎత్తుతాడు. మీరే ఫోన్‌లో చేసి పంపండి, ఆ షాపుల చుట్టూ తిప్పకండి.

ఇక పైసల లెక్క. మీ నెట్‌వర్క్ నుంచి వేరే నెట్‌వర్క్‌కి కాల్ వెళ్తే, ఆ కాల్ అందుకున్న కంపెనీకి మీ కంపెనీ నిమిషానికింత అని కట్టేది. దీన్నే ఐయూసీ అనేవాళ్లు. 2009 ఏప్రిల్ నుంచి అది 20 పైసలు, 2015 మార్చి నుంచి 14, 2017 అక్టోబర్ నుంచి 6. 2020 జనవరికే ఎత్తేస్తామన్నారు, ఏడాది వాయిదా వేసి 2021 జనవరి 1 నుంచి సున్నా చేశారు.

మరి తగ్గినప్పుడల్లా మనకి తగ్గిందా? ఒకప్పుడు తగ్గింది. 2009లో టాటా డొకొమో సెకనుకి పైసా అంటూ దిగితే మిగతావాళ్లూ చచ్చినట్టు ఆ దారి పట్టారు. 20 పైసలు అయిన సంవత్సరం అది. కానీ జనాలకి చేరింది ట్రాయ్ తగ్గించినందుకు కాదండీ, అప్పట్లో ఒక్కో షాపు ముందు అరడజను కంపెనీల బోర్డులు వేలాడేవి, ఒకడు ఇవ్వకపోతే పక్కోడు ఇచ్చేవాడు. పైగా కాల్ రేటు ఎంత పెట్టాలన్నది ట్రాయ్ కంపెనీల ఇష్టానికే వదిలేసింది. కంపెనీల మధ్య చార్జీని అది తగ్గించగలదు గానీ, ఆ మిగులు మనకి ఇచ్చి తీరాలని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనట్లేదు.

2019 అక్టోబర్‌లో జియో ఏం చేసిందో గుర్తుందా? అప్పటిదాకా కాల్స్ అన్నీ ఫ్రీ అని చెప్పి, ఇక వేరే నెట్‌వర్క్‌కి నిమిషానికి 6 పైసలు అంది. పది రూపాయల టాపప్‌కి 124 నిమిషాలు, ఊరడింపుగా ఒక జీబీ. మూడేళ్లలో పక్క కంపెనీలకి 13,500 కోట్లు కట్టామని లెక్క కూడా చెప్పింది. చార్జీ పడినప్పుడు దానికో పేరుంది, వోచర్ ఉంది, పైసలతో సహా కనిపించింది. ఆ రోజుల్లోనే రింగ్ టైమ్ మీద కూడా కంపెనీలు కొట్టుకున్నాయి: తమ నెట్‌వర్క్ నుంచి వెళ్లే కాల్ రింగ్ 25 సెకన్లకి తెగ్గోస్తే అది మిస్డ్ కాల్ అవుతుంది, అవతలివాళ్లు తిరిగి చేస్తారు, ఆరు పైసలు తమకే వస్తాయని. చివరికి ట్రాయ్ కలగజేసుకుని మొబైల్‌కి 30 సెకన్లని తేల్చింది. పెరట్లో ఉన్న మా అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చేలోపు ఫోన్ ఆగిపోయేది, వెనక ఇంత కథ నడుస్తోందని ఆవిడకేం తెలుసు!

చార్జీ పోయినప్పుడు ఏమైందో జియో 129 ప్యాక్‌లోనే చూడొచ్చు. 2019 డిసెంబర్ నుంచి 28 రోజులకి 129, వేరే నెట్‌వర్క్‌కి వెయ్యి నిమిషాలు. ఆ వెయ్యీ పూర్తిగా మాట్లాడేస్తే కంపెనీ కట్టాల్సింది 60 రూపాయలు. 2021 జనవరిలో ఆ ఖర్చు సున్నా అయింది. ప్యాక్ రేటు? 129. నిమిషాల లిమిట్ ఎత్తేశారు, అది నిజంగా మేలే, కాదనను. కానీ నెలకి రెండొందల నిమిషాలు మాట్లాడేవాళ్లకి ఆ లిమిట్ ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. అదే ఏడాది డిసెంబర్‌లో 155 చేశారు, 2024 జులైలో 189.

కంపెనీల వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఐయూసీ ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి పోయే డబ్బు. జియో నుంచి బయటికి వెళ్లే కాల్స్ ఎక్కువ కాబట్టి ఆ చార్జీ పోతే దానికి మిగులు. ఎయిర్‌టెల్‌కీ వొడాఫోన్ ఐడియాకీ వచ్చే ఆదాయం పోయింది, అందుకే 2017లో 6 పైసలు చేసినప్పుడే (వొడాఫోన్, ఐడియా అప్పటికింకా వేర్వేరు) గోల పెట్టాయి. కాబట్టి అందరికీ లాభం మిగిలిందని నేననను. ఒకటే అడుగుతున్నా, నష్టం వచ్చినవాళ్లు రేట్లు పెంచారు సరే, మిగిలినవాళ్లు కూడా ఎందుకు పెంచారు? 2019 డిసెంబర్, 2021 చివర్లో, 2024 జులై, మూడుసార్లూ మూడు కంపెనీలూ రోజుల తేడాతో పెంచాయి. పక్క బోర్డు లేకపోతే ఇంతే.

ఇంకోటి, ఇన్‌కమింగ్. 2003 నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ అని మనందరి నమ్మకం. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా నెలకి కనీసం 35 కట్టాలన్నాయి, కట్టకపోతే సిమ్ మూగబోతుంది. ఎయిర్‌టెల్‌లో ఆ కనీసం 2021లో 79 అయింది, ఏడాది తిరక్కుండానే 99, తర్వాత చాలా సర్కిళ్లలో 155. అంటే ఎవరికీ ఫోన్ చేయకుండా, వచ్చినవి ఎత్తి మాట్లాడే మనిషి కూడా నెలనెలా కడుతున్నట్టే.

రేటింగ్ అడిగితే, పనికొచ్చే ప్యాక్‌గా 5కి 4, రేటుకి 2. 2025 నాటి ఎయిర్‌టెల్ రేట్లతో చూస్తే, ఏడాదికి ఒకేసారి 1849 కట్టగలిగితే రోజుకి అయిదు రూపాయల చిల్లర పడుతుంది, 84 రోజుల 469 అయితే అయిదున్నర దాటుతుంది. జియోవి ఈ రెండింటి మధ్యలో ఉంటాయి. ఫోన్‌పే, వాట్సాప్ వాడేవాళ్లయితే దీని జోలికి పోవద్దు, డేటా విడిగా వేసుకుంటే మొదటికే మోసం. వేసేముందు మీ యాప్‌లో ఇప్పటి రేటు, ఎన్ని రోజులో చూసుకోండి, ఒక్కోసారి రేటు కదపకుండా రోజులు కోసేస్తుంటారు.