సమూయేలు, సౌలు: అడిగినది ఎవరి పేరు?

సమూయేలు మొదటి గ్రంథం 1:20లో హన్నా, యెహోవాను అడిగి పొందినందున బిడ్డకు సమూయేలని పేరు పెట్టింది. అయితే హీబ్రూలో 'అడుగు' అనే ధాతువు 'షాఅల్'. దాని నుండి నేరుగా పుట్టిన పేరు సమూయేలు కాదు, 'షాఊల్', అంటే ఇశ్రాయేలు మొదటి రాజైన మన సౌలు. 28వ వచనంలో హన్నా తన కుమారుణ్ణి యెహోవాకు ప్రతిష్ఠించేటప్పుడు వాడిన పదం కూడా అచ్చంగా 'షాఊల్' కావడం మరీ విశేషం.

సమూయేలుకు హీబ్రూ రూపమైన 'షెమూఏల్' అనే పేరును 'షేమ్' (పేరు), 'ఏల్' (దేవుడు) అని విడదీసి 'దేవుని నామం'గా చెప్పడమే నాకు సబబుగా తోస్తుంది; 'దేవుడు ఆలకించాడు' అనేది వినసొంపుగానే ఉన్నా, వినడాన్ని సూచించే ధాతువులోని 'అయిన్' అనే అక్షరం ఈ పేరులో లేదు. షాఊల్‌లోని షిన్, ఆలెఫ్, వావ్, లామెద్ నాలుగూ షెమూఏల్‌లోనూ ఉన్నాయి, అదనంగా చేరింది 'మేమ్' ఒక్కటే. బహుశా ఆ పోలికే హన్నా మాటకు ఆధారమై ఉంటుంది.

'ష' ధ్వని లేని గ్రీకు గుండా రావడం వల్ల రెండు పేర్లూ తెలుగు బైబిలులో 'స'తోనే మొదలవుతున్నాయి. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో సమూయేలు, శామ్యూల్ విరివిగా వినిపిస్తాయి. సౌలు మాత్రం అరుదు.